శల్యతంత్రాచార్యుడు సుశ్రుతుడు: మెడను గూర్చి యాయన యుపదేశము

మన సంఘ వార్షిక సంచికలందు రాజులను, కవులను, దాతలను గూర్చిన చరిత్రములు ఏటేట వెలువడుచునే యున్నవి. ఈ యేడు ఒక వైద్యుని చరిత్రము వ్రాయుటకు మేము పూనుకొంటిమి. సుశ్రుతాచార్యుడు మన కులమువాడు గాడు. మన సీమవాడును గాడు. కాశీక్షేత్రమున విద్య గడించినవాడు. అట్టివాని కథ పలాస, టెక్కలి ప్రాంతములవారికేల యని కొందరు శంకింపవచ్చును. వజ్రపుకొత్తూరు మొదలు కవిటి, ఇచ్ఛాపురముల దాక సముద్రతీరమున వ్యాపించిన ఉద్దానమున కొబ్బరిచెట్టెక్కి బ్రదుకువారు మనలో ననేకులు గలరు. చెట్టుమీదినుండి మనిషి పడినపుడు మొట్టమొదట చూడవలసినది మెడ. ఆ మెడను గూర్చి మన దేశమున శాస్త్రరీతిగా చెప్పిన ప్రాచీనులలో అగ్రగణ్యుడు సుశ్రుతుడు. కావున ఆయన కథ మన కథయే యని మా యభిప్రాయము.

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని ఆయన సంహితయే చెప్పుచున్నది. మహాభారతమున అనుశాసనపర్వమునను విశ్వామిత్ర పుత్రుల పట్టికలో ఈ పేరు గానవచ్చును. కాలనిర్ణయమున పండితులకు ఐకమత్యము లేదు. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దివాడని యొకరనగా, గ్రంథమున కనేక శతాబ్దముల చేతులు తగిలినవని మఱియొకరందురు. ఈ వాదము నిచట విస్తరింపము. గ్రంథము మన చేత నున్నది; దానియందు మనిషి కనబడుచున్నాడు; అది చాలును.

కాశీరాజగు దివోదాసుడు వానప్రస్థుడై యాశ్రమమున నున్నపుడు ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు మొదలగువారితో గూడి సుశ్రుతుడు ఆయన సన్నిధి కేగెను. జనులు రోగములచే అనాథులవలె విలపించుట చూచి యోర్వలేక వచ్చితిమని వారు విన్నవించుకొనిరి. దివోదాసుడు వారిని నిరాకరింపక, ఆయుర్వేదముయొక్క ఎనిమిది యంగములలో ఏది కావలెనని యడిగెను. శల్యమును, అనగా శస్త్రవైద్యమును మొదలుగా నుపదేశింపుమని వారందఱు నేకవాక్యముగా కోరిరి. అంతట తమ యందఱి తరఫున ప్రశ్నించుటకు సుశ్రుతునే నియోగించిరి. తక్కినవారు తామును విని గ్రహింతుమనిరి. తోడి విద్యార్థులు తమలో నొకనిని ముందు నిలుపుట సామాన్య విషయము గాదు. నలుబదేండ్లకు మించి బడిలో గడపిన మేము దాని విలువ నెఱుగుదుము. తరగతిలో ఎవడు ప్రశ్న వేయ నర్హుడో ఉపాధ్యాయునికంటె ముందు తోడివాండ్రకే తెలియును.

శల్యాంగమే ప్రథమమేల యను విషయమును వివరించుచు దివోదాసుడొక పురావృత్తము చెప్పెను. రుద్రుడు యజ్ఞపురుషుని శిరస్సును ఖండింపగా, అశ్వినీదేవత లిరువురు వచ్చి దానిని మొండెముతో మరల సంధించిరట. వైద్యమున తొలి విజయముగా మన పూర్వులు తలచినది తెగిన మెడను అతుకుట యన్నమాట. ఇది పురాణమే. అయినను తలకును మొండెమునకును నడుమ నున్న యా యిరుకు తావునందే ప్రాణము నిలిచియున్నదని ఆ పురాణము గల్పించినవారు గుర్తించిరనుట స్పష్టము.

సుశ్రుతుని విద్యాభ్యాసము పుస్తకపాఠముతో తీరినది గాదు. శాస్త్రము మాత్రమే తెలిసినవాడును, చేతిపని మాత్రమే తెలిసినవాడును ఒంటి రెక్క పక్షివంటివారని ఆయన మతము. శస్త్రము పట్టుటకు ముందు శిష్యుడు గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోతలు నేర్వవలయును. నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులపై భేదనము నేర్వవలయును. తామరతూండ్లపై సిరావేధము నేర్వవలయును. గుడ్డతో చేసిన నిలువెత్తు బొమ్మకు అంగాంగమునను కట్లు కట్టి యభ్యసింపవలయును. కట్లు పదునాలుగు విధములు. వానిలో మెడకు ముతోళి యను కట్టును విధించెను.

దేహము లోపలి నిర్మాణమును తెలిసికొనుట కాయన చెప్పిన మార్గము ఆ కాలమున కెంతో సాహసమైనది. విషముచేతగాని దీర్ఘరోగముచేతగాని మరణింపని, నూఱేండ్ల ముదిమి నొందని వాని కళేబరమును దెచ్చి, ప్రేగులలోని మలమును తొలగించి, ముంజగడ్డి, నార మొదలగువానితో చుట్టి, పంజరమున నుంచి, జనసంచారము లేని చోట మెల్లగ పాఱు నీటిలో మునుగునట్లు కట్టవలయును. ఏడు రాత్రులు గడచి బాగుగ నానిన పిదప పైకి దీసి, వట్టివేళ్లతోను, వెండ్రుకలతోను, వెదురుతోను చేసిన కుంచెలతో మెల్లమెల్లగ రాచుచు చర్మము మొదలుకొని లోపలి భాగముల నొక్కొక్కదాని కన్నులార చూడవలయును. శవస్పర్శ మైలయని స్నానము చేయు సంఘమున ఈ పాఠమును విధిగా చెప్పుటకు ఎంతటి గుండె కావలయునో చదువరులే యూహింతురు గాక.

ఇట్లు పరిశీలించి యాయన మెడను గూర్చి చెప్పిన లెక్క ఆలోచింపదగినది. దేహమున మొత్తము మున్నూఱు ఎముకలనియు, మెడలో తొమ్మిదియు కంఠనాళమున నాలుగు ననియు చెప్పెను. నేటి శాస్త్రమున పెద్దవాని దేహమున ఎముకలు 206. మెడవెన్నున పూసలు ఏడే. పండ్లను, మృదువైన తరుణాస్థులను సైతము ఎముకలలో జేర్చుటచే ఆయన సంఖ్య పెరిగినది. మన పూర్వులు చెప్పినదంతయు పరమసత్యమని వాదించువారితో మేము ఏకీభవింపము. తొమ్మిది తొమ్మిదియే, ఏడు ఏడే. కాని మెడలోని సంధులు ఎనిమిదియని ఆయన చెప్పినది నేటి లెక్కకును సరిపోవుచున్నది. పుఱ్ఱెకును మొదటి పూసకును నడుమ నొకటి, పూసలకు పూసలకు నడుమ ఆఱు, ఏడవ పూసకును వీపు మొదటి పూసకును నడుమ నొకటి. ఆయనయు నిట్లే లెక్కించెనో కాదో తేల్చుటకు మన కాధారము లేదు. అయినను సంఖ్య కలియుట ముచ్చటగా నున్నది.

ఈ యేడు పూసలును ఒక్క తీరువి గావు. మొదటిది ఉంగరమువలె నుండి పుఱ్ఱెను మోయును. రెండవదానికి పైకి నిలిచిన పంటివంటి కొమ్మ యొకటి కలదు. ఆ కొమ్మ చుట్టును మొదటి పూస తిరుగును. మనము కుడియెడమలకు తల త్రిప్పుటలో ఇంచుమించు సగము ఈ రెంటి నడుమనే జరుగును. తల వంచి మెడ వెనుక వ్రేలితో తడవినచో అడుగున గట్టిగ తగులునది సామాన్యముగా ఏడవ పూస. పూసల నడుమ మెత్తని బిళ్లలు, వెనుకవైపు సొరంగమువంటి దారి, ఆ దారిని వెన్నుపాము, ప్రక్కల రంధ్రములగుండ మెదడునకు రక్తము గొనిపోవు ధమనులు. వెన్నుపామునుండి మెడయందు ఎనిమిది జతల నాడులు వెలువడును. వానిలో మూడు, నాలుగు, ఐదవ జతలు ఉదరవితానమను ఊపిరికండరమును నడపును. కావుననే మెడ పైభాగమున వెన్నుపాము తెగినవాడు ఊపిరియాడక గడియలో మరణించును. క్రిందిభాగమున తెగినవాడు బ్రదికియు కాలుచేతు లాడింపలేకుండును.

సుశ్రుతునకు వెన్నుపాము పనితీరు తెలియదు. ఆ లోటును కొంతవఱకు పూరించినది ఆయన మర్మవిచారము. దేహమున మర్మములు నూటయేడు. తగిలిన వెంటనే ప్రాణము తీయునవి పందొమ్మిది, కాలాంతరమున తీయునవి ముప్పదిమూడు, గ్రుచ్చుకొన్న ములికి పెఱికినంతనే చంపునవి మూడు, అంగవైకల్యము గలిగించునవి నలుబదినాలుగు, బాధ మాత్రము పెట్టునవి ఎనిమిది. మెడకిరువైపుల మాతృకలను ఎనిమిది సిరామర్మములు సద్యఃప్రాణహరములు. నీల, మన్య యను నాలుగింటికి దెబ్బ తగిలిన మాట పోవును, స్వరము మాఱును, రుచి తెలియదు. తలయు మెడయు కలియుచోట కృకాటికలను రెండు మర్మములు; అవి దెబ్బతిన్న తల నిలువక యల్లాడుచుండును. ఈ కృకాటికాస్థానము మనము పైని చెప్పిన మొదటి రెండు పూసల చోటు దాపుననే యున్నది.

ఇక దెబ్బల సంగతి. ఎముక విఱుగుటను పండ్రెండు విధములుగను, కీలు తొలగుటను ఆఱు విధములుగను సుశ్రుతుడు విభజించెను. పడుట, నొక్కుకొనుట, కొట్టుట, విసరివేయబడుట మున్నగునవి కారణములనెను. చికిత్సకు సూత్రములు నాలుగు: లాగుట, నొక్కుట, చేర్చుట, కట్టుట. మెడ వంకర తిరిగినను, క్రిందికి దిగబడినను, వైద్యుడు మెడ వెనుకతట్టును దవడలను పట్టుకొని తలను పైకెత్తవలయునట. పిమ్మట దబ్బలను సమముగా నమర్చి గుడ్డపట్టీతో చుట్టి, రోగిని వెల్లకిల పరుండబెట్టి, ఏడు రాత్రులు ఏమఱక కావలి యుండవలయునట. దబ్బలకు ఇప్ప, మేడి, రావి, మఱ్ఱి, మద్ది మొదలగు చెట్ల పట్టలను, వెదురును వాడుమనెను. ఆ పట్టికలో పలాశమును, అనగా మోదుగయు, గలదు. పలాస యను నూరిపేరు ఆ వృక్షమునుండియే వచ్చినదని మేము వాదమునకు దిగము గాని, పేరు చెవిని బడినపుడెల్ల మాకీ సంగతి స్ఫురించుచుండును.

కట్టు విప్పి మరల కట్టుటకు చలికాలమున ఏడు దినములు, సమకాలమున ఐదు, వేసవిని మూడు దినములు గడువు. కీలు గట్టిపడుటకు బాల్యమున నొక మాసము, నడివయసున రెండు, ముదిమిని మూడు మాసములు పట్టునని చెప్పెను. వయస్సును బట్టి గడువు పెంచుటలోనే యాయన అనుభవము తెలియుచున్నది.

ఐగుప్తు దేశమున సుమారు క్రీ. పూ. 1600 నాటి వైద్యలేఖ మొకటి దొరకినది. ఎడ్విన్ స్మిత్ పత్రమని దానికి పేరు. మెడపూస తొలగి కాలుచేతుల స్పర్శ పోయినవానిని గూర్చి యందు వ్రాసి, ఇది చికిత్స చేయదగినది గాదని విడిచిపెట్టిరి. వారి పరిశీలన సూక్ష్మమైనది. కాలుచేతుల సంగతిని మెడతో ముడివెట్టుట మనవారికంటె స్పష్టముగా చేసిరి. సుశ్రుతుడు తల నెత్తి, సరిజేసి, కదలకుండ నుంచు నుపాయము చెప్పెను. ఈ రెండును కలసిన గాని పూర్ణవైద్యము గాదు. 1933లో అమెరికాదేశమున క్రచ్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుడు పుఱ్ఱెకు పటుకారు బిగించి బరువు వ్రేలాడగట్టి మెడను లాగు పద్ధతిని ప్రకటించెను. సాధనము నూతనమే గాని లాగి నిలుపుటయను సూత్రము పాతదే.

ఇచట నొక హెచ్చరిక యవసరము. సుశ్రుతుడు చెప్పినాడు గదా యని దెబ్బతిన్నవాని దవడ పట్టి తల లాగుటకు ఎవరును సాహసింపరాదు. అది గుడ్డబొమ్మపై నేర్చి, గురువు చెంత నుండి, కళేబరమును శోధించిన వైద్యునకు చెప్పిన విధి. నేటి వైద్యులును ఛాయాచిత్రములతో లోపలి సంగతి చూచిన పిదపనే అట్టి పనికి పూనుకొందురు.

మేము ఉపాధ్యాయులుగా నున్న దినములలో ఉద్దానపు గ్రామమొకదానియందు మా పూర్వశిష్యుడొకడు కొబ్బరిచెట్టుమీదినుండి పడెను. నేలపై బడియున్నపుడు వాడు మాటలాడెను; కాలివ్రేళ్లు కదల్చెను; మెడ నొచ్చుచున్నదని చెప్పెను. చుట్టునున్నవారు ప్రేమచేతనే యొకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టి యెత్తిరి. తల వెనుకకు వ్రేలాడెను. బండిమీద కూర్చుండబెట్టి ఇరువురు అదిమిపట్టి తీసికొనిపోయిరి. ఆసుపత్రి చేరునప్పటికి కాలివ్రేళ్లు కదలలేదు. పిమ్మట నెన్నడును కదలలేదు. చెట్టు చేసిన హాని యెంతయో, ఎత్తుట చేసిన హాని యెంతయో ఎవరు చెప్పగలరు? నేలమీద కదలిన వ్రేళ్లను మాత్రము చూచినవారనేకులు గలరు.

రోగి నెఱుగు మార్గములు ఆఱని సుశ్రుతుడు చెప్పెను: పంచేంద్రియములు ఐదు, ప్రశ్న ఆఱవది. నేటి వైద్యుడు మెడను పరీక్షించు తీరును ఈ యాఱింటిలోనే యిముడ్చవచ్చును. ముందు ఊపిరి యాడుచున్నదా యని చూచును. ఎట్లు పడితివి, ఎచట నొచ్చుచున్నది, చేతులు తిమ్మిరెక్కినవా యని ప్రశ్నించును. తలను కదల్పక, మెడ వెనుక నడిమిగీతను పూసపూసగా వ్రేలితో మెల్లగ నొక్కి నొప్పిచోటు కనుగొనును. బొటనవ్రేలి స్పర్శ ఆఱవ నాడిది, నడిమివ్రేలిది ఏడవది, చిటికెనవ్రేలిది ఎనిమిదవది. భుజము ప్రక్కకెత్తుట ఐదవ నాడి పని; మణికట్టు పైకి వంచుట ఆఱవదానిది; మోచేయి చాచుట ఏడవదానిది; వ్రేళ్లు ముడుచుట ఎనిమిదవదానిది. ఇట్లు రోగి చేతిని చదివి మెడలో దెబ్బ యే యంతరమున నున్నదో చెప్పగలుగుట మాకు వ్యాకరణమున ప్రత్యయమును చూచి ధాతువును గుర్తించుటవలె తోచును. 2000 సంవత్సరమున అమెరికాలో ముప్పదినాలుగు వేలకు మించిన రోగులను పరిశీలించి వైద్యులొక నియమము నేర్పఱచిరి. మెడ నడిమిగీతను నొప్పి లేకుండుట, కాలుచేతుల బలమునకును స్పర్శకును లోపము లేకుండుట, తెలివి సరిగ నుండుట, మద్యము మత్తు లేకుండుట, దృష్టిని మఱల్చు వేఱొక పెనుదెబ్బ లేకుండుట అను నైదును కలసిననే ఛాయాచిత్రము మానవచ్చును. మఱుసటి యేట కెనడా వైద్యులు ప్రకటించిన నియమము ప్రకారము మూడడుగుల యెత్తునుండి పడుటయే ప్రమాదకరము. మన కొబ్బరిచెట్ల యెత్తు చదువరులకు చెప్పనక్కరలేదు.

కావున మోకు జాఱి యెవడైన పడినచో, వైద్యులు నేడు బోధించునది యిది. వానిని లేపరాదు, కూర్చుండబెట్టరాదు, తల క్రింద తలగడ పెట్టరాదు, నీరు పోయరాదు. ఒకరు తలవైపు మోకరించి రెండు చేతులతో తల నిరుప్రక్కల నున్నది యున్నట్లు పట్టియుండవలయును. 108 బండిని పిలువవలయును. మన రాష్ట్రమున 2005 నుండి యీ సదుపాయము గలదు. వాంతి వలనగాని, చెట్టు కూలునను భయము వలనగాని కదల్చక తప్పనిచో నలుగురైదుగురు కూడి, తలయు మొండెమును ఒక్క దుంగవలె నొకేసారి పొరలించి బల్లమీదికి చేర్చవలయును. ఊపిరి నిలిచినచో మాత్రము మెడకంటె ఊపిరియే ముందు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటి వేనవేలు చెట్లను కూల్చినది. వంగి నిలిచిన చెట్టు ఎక్కువానికి నిటారు చెట్టుకంటె శత్రువు.

పడినవారే గాక, కూర్చుండి పనిచేయువారును సుశ్రుతుని దృష్టిని దాటిపోలేదు. పగటినిద్ర, వికృతముగ కూర్చుండుట నిలుచుట, మెడ యెత్తి పైకి చూచుట అను కారణములచే మన్యాస్తంభము, అనగా మెడ పట్టుట, సంభవించునని చెప్పెను. భుజము వెనుకనుండి వ్రేళ్ల దాక పోవు నరము చెడి చేయి పనికి రాకుండుటను విశ్వాచి యని పేర్కొనెను. మెడపూసల నడుమ నాడి నొక్కబడుటచే చేతిలోనికి దిగు నొప్పిగా నేటివారు వర్ణించునది దీనికి చాల దగ్గఱగ నున్నది. పలాస జీడిపప్పు బట్టీలలో ప్రొద్దంతయు మెడ వంచి పప్పు వలుచు స్త్రీలు ఈ నొప్పిని పేరు తెలియకయే యెఱుగుదురు. గంటకొకసారి లేచి భుజములు కదల్చుటకు తీరిక దొరకినను వారికి మేలగును. ఆ తీరిక ఇచ్చువారు యజమానులు. ఈ సంచిక పోషకులలో వారును గలరు గనుక ఇంత చనువు గొంటిమి.

సుశ్రుతుని కడపటి దినములను గూర్చి గ్రంథము మౌనము వహించినది. ఆయన కథ యిక గ్రంథము కథయే. నూట యిరువది యధ్యాయములును, వెనుక చేరిన ఉత్తరతంత్రమున అఱువదియాఱును గలిగి యది నిలిచినది. దానిని సంస్కరించినవాడు నాగార్జునుడని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పెను. ఆ నాగార్జునుడు మన కృష్ణాతీరపు నాగార్జునుడే యని నమ్మ మనస్సు గోరును. కాని ఆ పేరివారు పెక్కురు గలరు, మనస్సు కోరినంతనే చరిత్ర కానేరదు. ఎనిమిదవ శతాబ్దిని బాగ్దాదునందు బర్మకీయ మంత్రుల ప్రోత్సాహమున అది అరబ్బీలోనికి పోయెను. తొమ్మిదవ శతాబ్ది చివర కాంభోజదేశపు రాజు యశోవర్ముని శాసనములందును సుశ్రుతుని పేరు చెక్కబడెను.

తన దేశమున మాత్రము శవశోధన విధి ఏటిలో కలసిపోయినది. ముట్టరాదను నియమము గెలిచినది. శస్త్రము మంగలి చేతికిని, విఱిగిన యెముక కట్లు కట్టువాని చేతికిని దిగినది. 1835లో కలకత్తాలో వైద్యకళాశాల నెలకొల్పబడినపుడు పండిత మధుసూదన గుప్తుడను వైద్యుడు అచట నుండెను. సుశ్రుతసంహితను అచ్చువేయించుటకు పరిష్కరించినవా డాయనయే. 1836లో ఆయన కళాశాలలో కత్తి పట్టి మానవకళేబరమును కోసెను. గ్రంథమున చదివిన యధ్యాయమును, వేలయేండ్ల పిమ్మట, చేతితో చదివెను.